మొప్పకు మూత ఏల?

ఆదివారము ఉదయమున మన విస్సన్నపేటలో చేపలు కొనువారిని గమనించినచో ఒక దృశ్యము తప్పక కనబడును. అనుభవముగల కొనుగోలుదారు గంపలోని చేపను చేతికి తీసికొని, దాని పొలుసును గాని తోకను గాని చూడకముందే, చెంప ప్రక్కనున్న గట్టి రేకును బొటనవ్రేలితో పైకెత్తి లోపలికి తొంగిచూచును. లోపల ఎర్రగా నున్నచో బేరము మొదలగును. పాలిపోయి, జిగురు కట్టి యున్నచో చేప తిరిగి గంపలోనికి పోవును. తెలుగు మాట్లాడువారు ‘మొప్ప ఎత్తి చూడు’ అందురు; ఉర్దూ మాట్లాడువారు ‘గల్ఫడా ఉఠాకే దేఖో’ అందురు. భాష వేరైనను పరీక్ష ఒక్కటే.

ఆ పైకెత్తిన రేకే ఈ వ్యాసమునకు విషయము. చచ్చిన చేపలో దానిని ఎత్తి చూచుట అందరికిని తెలిసినదే. కాని బ్రతికిన చేపలో అది ఏమి చేయుచున్నదో, మనకు ఏమి చెప్పుచున్నదో గమనించువారు తక్కువ. ‘మొప్పలను కాపాడు మూత’ అని పాఠ్యపుస్తకమున ఒక్క వాక్యము చదివి మనము ముందుకు సాగిపోవుదుము. ఆ వాక్యము అసత్యము కాదు గాని, అసంపూర్ణము. మొప్పమూత ఒక కవచము, ఒక పంపు, అన్నింటికిని మించి నీటి స్థితిని తెలుపు నాడి. ఈ నాడిని చూడనేర్చిన వానికి చెరువుయొక్క ఆరోగ్యము అర్థమగును. నేర్వనివాడు ఒక్క రాత్రిలో ఏడాది కష్టమును పోగొట్టుకొనవచ్చును.

మూత నిర్మాణము

లాటిన్ భాషలో మూతకు ‘ఓపర్క్యులమ్’ అని పేరు. జంతుశాస్త్రము ఆ పదమునే స్వీకరించినది; తెలుగు పాఠ్యగ్రంథములలో ‘ఉపరికుల’ అని వాడుదురు. మనము వాడుకలోని మాటలతో మొప్పమూత అని పిలుచుకొందము.

చూచుటకు ఒకే పలకవలె కనబడినను, ఎముక చేపలలో ఇది నాలుగు చదునైన ఎముకల కూర్పు. చెంప వెనుక వంకరగా నిలిచి మిగిలినవానికి ఆధారమైనది ఒకటి. దానికి వెనుకనున్న పెద్ద పలక రెండవది. ఆ పలకకు దిగువనున్నది మూడవది. ఈ మూటి నడుమ క్రిందిభాగమున ఇమిడియున్నది నాలుగవది. మార్పు, ఇంగిలాయి, జెల్లల వంటి మీసముల చేపలలో మూడవ ఎముక లేదు. మూత క్రింది అంచున సన్నని ఎముక పుల్లలతో కూడిన మెత్తని పొర యొకటి కలదు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసులలో ఈ పుల్లలు ప్రక్కకు 3 చొప్పున ఉండును. గొడుగు పుల్లలు గుడ్డను సాచినట్లు అవి ఈ పొరను సాచియుంచును. మూత ఎంత గట్టిదైనను ఈ పొర లేనిచో అది నీటిని ఆపజాలదు. తలుపు సందున గుడ్డ కుక్కిన విధముగా ఈ పొరయే సందును మూసివేయును.

మూత క్రింద మొప్పల గది కలదు. అందు ఒక్కొక్క ప్రక్క 4 మొప్ప వంపులు, ప్రతి వంపుపై రెండు వరుసలుగా ఎర్రని తంతువులు, ప్రతి తంతువుపై కంటికి కనబడనంత పలుచని రేకులు ఉండును. ఆ రేకులలో రక్తమునకు, నీటికి నడుమ అతిసూక్ష్మమైన చర్మము తప్ప వేరు అడ్డు లేదు. ఇంత సున్నితమైన అవయవము బయట వ్రేలాడినచో రాతికి, కలుపుమొక్కకు, శత్రువు నోటికి సులభముగా చిక్కును. కావున దానికి కవచము అవసరమైనది. ఇది మూతయొక్క మొదటి ప్రయోజనము.

కొలిమి తిత్తులు

రెండవ ప్రయోజనము మరింత ముఖ్యమైనది. దానిని గ్రహించుటకు ముందు నీటిలో ఊపిరి పీల్చుట ఎంత కష్టమో తెలిసికొనవలెను. 20 డిగ్రీల వేడిమియందు లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండును. అదే వేడిమిగల లీటరు మంచినీటిలో కరిగియుండునది 9 మిల్లీగ్రాములు మాత్రమే. వేడిమి 30 డిగ్రీలకు చేరినచో అది దాదాపు ఏడున్నరకు తగ్గును. పైగా నీరు గాలికంటె సుమారు 800 రెట్లు బరువైనది. మనము గాలిని పీల్చి, వచ్చిన మార్గముననే విడిచివేయుదుము. అంత బరువైన నీటిని అట్లు ముందుకు వెనుకకు త్రిప్పవలసి వచ్చినచో, సంపాదించిన ప్రాణవాయువంతయు ఆ శ్రమకే వ్యయమగును. అందుచేత చేప నీటిని నోటినుండి లోనికి, మొప్పమూత సందునుండి వెలుపలికి, ఒకే దిశలో ప్రవహింపజేయును.

ఈ ప్రవాహము ఎట్లు కలుగును? చేప నోరు తెరచినపుడు నోటి కుహరము విశాలమై నీరు లోనికి వచ్చును. అదే సమయమున మొప్పమూతలు వెలుపలికి ఉబ్బును. కాని అంచు పొర దేహమునకు అంటుకొనియే యుండుటచే బయటి నీరు వెనుకనుండి చొరబడదు. మూత క్రింది గదిలో పీడనము తగ్గి, నోటిలోని నీరు మొప్పల మీదుగా ఆ గదిలోనికి లాగబడును. పిమ్మట నోరు మూసికొని, నోటి అడుగు పైకి లేచి మిగిలిన నీటిని వెనుకకు నెట్టును. మూత లోనికి నొక్కుకొనును, అంచు పొర తెరచుకొనును, నీరు వెలుపలికి పోవును. ముందు నుండి నెట్టు పంపు ఒకటి, వెనుక నుండి లాగు పంపు మరియొకటి.

మన పల్లెలలోని కమ్మరి కొలిమికి జంట తిత్తులుండుట పెద్దలు ఎరుగుదురు. ఒకటి గాలిని నింపుకొనునపుడు రెండవది గాలిని వదలును. అందుచేత నిప్పునకు గాలి ఎన్నడును తెగిపోదు. చేపలోని రెండు పంపులును ఇట్లే మొప్పల మీద నీటిధార దాదాపు తెగకుండ నిలుపును. 1958లో ఇంగ్లండుకు చెందిన హ్యూస్, షెల్టన్ అను శాస్త్రజ్ఞులు మంచినీటి చేపల నోటిలోను, మొప్పల గదిలోను పీడనములను వేరువేరుగా కొలిచి ఈ సంగతిని వివరించిరి.

మొప్ప రేకులలో రక్తము నీటికి ఎదురుదిశలో ప్రవహించును. అందుచేత రేకు పొడవునను ప్రతిచోట నీటిలోని ప్రాణవాయువు ప్రక్కనున్న రక్తములోని దానికంటె అధికముగనే యుండి, రక్తములోనికి చేరుచుండును. మనము పీల్చిన గాలిలోని ప్రాణవాయువులో నాలుగవ వంతును మాత్రమే గ్రహింపగా, కొన్ని చేపలు నీటినుండి 80 శాతము వరకు గ్రహింపగలవు. అయితే ఆ నేర్పంతయు నీటిధార సాగుచున్నంత వరకే. ఒడ్డున పడిన చేప చుట్టును గాలి యున్నను చచ్చుటకు కారణమిదే. నీరు లేనిచో తంతువులు తడిసిన వెంట్రుకలవలె ఒకదానికొకటి అంటుకొనిపోవును, పిమ్మట ఎండిపోవును.

మూత లేని చేపలు

మూత ఇంత ఉపయోగకరమైనదైనచో అది లేని చేపలు ఎట్లు జీవించుచున్నవి అను ప్రశ్న సహజము. మన సముద్రతీరమున దొరకు సొర, టేకు చేపలు మెత్తని ఎముకల జాతికి చెందినవి. వీనికి మొప్పమూత లేదు. సాధారణముగా తలకు ఇరుప్రక్కల 5 చొప్పున చీలికలు బయటికే కనబడును. ఒక్కొక్క చీలికకు చిన్న చర్మపు మడత మాత్రము అడ్డుగా నుండును. టేకు చేప అడుగున ఇసుకపై పరుండునపుడు నోటితో నీటిని తీసికొన్నచో ఇసుక లోనికి పోవును గనుక, కంటి వెనుక తలపైననున్న రంధ్రముగుండ నీటిని తీసికొనును. కొన్ని సొరలు నిరంతరము ఈదుచు, తెరచిన నోటిలోనికి నీరు తనంతట తానే దూసికొని వచ్చునట్లు చేసికొనును. మూతగల సూర చేప కూడ ఈ పద్ధతినే అవలంబించును. వేగముగా ఈదుచున్నంత కాలము దానికి మూతను ఆడించు పనిలేదు, ఆగినచో ఊపిరాడదు. దీనిని బట్టి మొప్పమూత చేపకు ఇచ్చిన గొప్ప వరము విశ్రాంతి యని తెలియుచున్నది. చెరువు అడుగున కదలక నిలిచి ఊపిరి తీసికొనగల స్వేచ్ఛ దానివలననే కలిగినది.

గాలిని పీల్చు చేపలు

మన చెరువులలో మూత క్రింది గదిని మరియొక విధముగా వాడుకొను చేపలును కలవు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటింపబడిన కొర్రమీనుకు మొప్పల పైభాగమున గాలిని నింపుకొను అర కలదు. మార్పు చేపకు అదే చోట చెట్టుకొమ్మలవలె చీలిన అవయవము, ఇంగిలాయికి మొప్పలనుండి వెనుకకు సాగిన పొడవైన గాలి సంచి ఉన్నవి. ఎదిగిన కొర్రమీనును నీటి పైభాగమునకు రానీయకుండ అడ్డినచో అది నీటిలోనే ఊపిరాడక చనిపోవును. చేప నీటిలో మునిగి చచ్చుట విడ్డూరముగా తోచవచ్చును గాని అది యథార్థము. బిందెలో కొద్ది నీటితో సంతకు తెచ్చిన కొర్రమీను సాయంకాలము వరకు బ్రతికియుండుటకు కూడ ఈ అరయే కారణము.

ఈ గుంపులోనిదే అనాబాస్ అను చిన్న చేప. దీని మొప్పమూత అంచు రంపమువలె ముండ్లు కలిగియుండును. నీరు ఎండినపుడు ఇది మూతలను వెడల్పుగా విప్పి, ఆ ముండ్లను నేలకు ఆనించి, తోకతో నెట్టుకొనుచు మరియొక గుంటకు ప్రాకును. ఇక్కడ మొప్పమూతయే కాలుగా మారినది. 1791లో డేనిష్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియైన డాల్‌డార్ఫ్, తమిళ తీరమందలి తరంగంబాడిలో ఈ చేప తాటిచెట్టుపైకి ఎగబ్రాకుచుండగా చూచితినని వ్రాసెను. నాటినుండి దీనికి ‘చెట్టెక్కు చేప’ అను కీర్తి వచ్చినది. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యులుగా పనిచేసిన బి. కె. దాస్, మనదేశపు గాలి పీల్చు చేపలపై 1927లో వెలువరించిన పరిశోధనలో ఈ విషయమును పరిశీలించిరి. నేలపై ప్రాకు ఈ చేపలను కాకులు, గ్రద్దలు ఎత్తుకొనిపోయి కొమ్మలలో జారవిడుచుటయే చెట్టుమీద అవి కనబడుటకు కారణమని వారు భావించిరి. 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్యుడు మన గుంటలలోని చేపను గూర్చి ప్రపంచమునకు తెలియజెప్పుట, ఉభయభాషలను చదువు మనకు గర్వకారణము.

ఇతర ప్రాణులలో

కప్పపిల్లను చూడుడు. గ్రుడ్డునుండి వెలువడిన క్రొత్తలో దాని మొప్పలు కుచ్చులవలె బయట వ్రేలాడును. కొలది దినములలో ఒక చర్మపు మడత ముందునుండి వెనుకకు పెరిగి వానిని కప్పివేయును. దీనికిని శాస్త్రజ్ఞులు ఓపర్క్యులమ్ అనియే పేరిడిరి. సాధారణముగా ఎడమప్రక్క ఒక్క రంధ్రము మాత్రము మిగిలి, నీరు దానిగుండ వెలుపలికి పోవును. రొయ్యలో ఎముక లేదు గాని, తల, రొమ్ములను కప్పియుండు పెంకు ఇరుప్రక్కలకు దిగి మొప్పలకు గోడగా నిలుచును. ముందువైపుననున్న చిన్న తెడ్డు వంటి అవయవము నిరంతరము ఆడుచు నీటిని తోడును. వంశములు వేరైనను, సున్నితమైన మొప్పను కప్పవలెను, కప్పిన పిమ్మట నీటిని ఆడింపవలెను అను సమస్యలు ఒక్కటియే గనుక, పరిష్కారములు ఒకదానినొకటి పోలియున్నవి.

నత్త విషయము వేరు. వరిచేలలోని నత్తగుల్ల తన మడమకు తగిలించుకొన్న గట్టి బిళ్ళతో గుల్ల ద్వారమును మూసికొని, వేసవి యంతయు బురదలో నిద్రించును. దీనిని గూడ ఓపర్క్యులమ్ అనియే అందురు. కాని ఇది మొప్పకు మూత కాదు, ఇంటికి తలుపు. పేరు ఒకటైనంత మాత్రమున అవయవము ఒకటి కాదని విద్యార్థులు పరీక్షలలో మరువరాదు. సముద్రపు నత్తల ఈ బిళ్ళలనే ఆయుర్వేదమున ‘నఖము’ అనియు, యునానీ వైద్యమున ‘అజ్ఫారుత్తీబ్’, అనగా సుగంధపు గోళ్ళు, అనియు పిలిచి ధూపద్రవ్యములలో వాడిరి. సంస్కృతము, అరబీ రెండును ఆ బిళ్ళను గోటితోనే పోల్చుట గమనింపదగినది.

మూత పోయి మెడ వచ్చుట

చేప తన తలను మాత్రము ప్రక్కకు త్రిప్పజాలదు. త్రిప్పవలసినచో దేహమంతయు త్రిప్పవలెను. ఏలన దాని తల మొప్పమూత వెనుకనున్న ఎముకల వరుసతో భుజముల ఎముకలకు బంధింపబడియున్నది. 2004లో ఉత్తర కెనడాలోని ఎల్స్మియర్ ద్వీపమున బయల్పడి, 2006లో లోకమునకు తెలుపబడిన టిక్టాలిక్ అను శిలాజము సుమారు 37 కోట్ల 50 లక్షల సంవత్సరముల నాటిది. చేపకును, నేలమీది చతుష్పాదులకును నడిమిదైన ఈ ప్రాణిలో మొప్పమూత ఎముకలు లేవు. తల భుజములనుండి విడివడియున్నది. అనగా మూత పోయినచోట మెడ వచ్చినదన్నమాట. సలాము చేయుటకు తల వంచినను, నమస్కరించుటకు వంచినను, ఆ వంపునకు ఆది అక్కడ కలదు.

మానవ పిండమునకు మొప్పలు ఎన్నడును ఉండవు. అయినను 4వ వారమున మెడభాగమున మొప్ప వంపులను పోలిన మడతలు ఏర్పడును. వీనిలో రెండవది వెనుకకు పెరిగి క్రిందివానిని కప్పివేయును. చేపలో మొప్పమూత పెరుగు తీరును ఇది పోలియున్నది. మనలో ఆ కప్పు క్రింది చర్మముతో అతుకుకొనిపోయి మెడ నునుపగును. ఎప్పుడైన ఆ అతుకు సంపూర్ణము కానిచో, కొందరి మెడప్రక్కన పుట్టుకతోనే చిన్న రంధ్రము గాని, తరువాత ఉబ్బు గాని కనబడును. అది శాపము కాదు, దిష్టి కాదు. శస్త్రచికిత్సతో సరిచేయదగిన శరీరలోపము.

చెరువు నాడి

ఇక మొదట చెప్పిన నాడి విషయమునకు వత్తము. మనకు పొరుగున ప్రవహించు తమ్మిలేరు, మైలవరము కొండలలో పుట్టు బుడమేరు చివరకు కొల్లేటిలో కలియును. 1999లో అభయారణ్యముగాను, 2002లో రామ్‌సార్ చిత్తడినేలగాను గుర్తింపబడిన ఆ సరస్సు చుట్టును, కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో చేపల చెరువులు విస్తారముగా నున్నవి. సరస్సు లోపల అక్రమముగా త్రవ్విన చెరువులను 2006లో ప్రభుత్వము గండ్లుకొట్టి తొలగించినది. మిగిలిన చెరువులపై వేలాది కుటుంబములు జీవించుచున్నవి.

ఈ చెరువులలో ప్రమాదము తెల్లవారుజామున వచ్చును. పగలు నీటిలోని నాచు సూర్యకాంతితో ప్రాణవాయువును తయారుచేయును. రాత్రి ఆ నాచు కూడ చేపలతోపాటు ప్రాణవాయువును వాడుకొనును. కావున సూర్యోదయమునకు ముందు అది మిక్కిలి తగ్గును. మబ్బు పట్టిన దినముల తరువాత, మేత మిగిలి కుళ్ళినపుడు, వేసవి వేడిమిలో మరింత తగ్గును. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండుట క్షేమము. 3 కంటె తగ్గినచో చేపలు పైకి తేలి నోరు తెరచును. ‘చేపలు పైకి లేచినవి’ అని రైతు పరుగెత్తుకొని వచ్చుసరికి తరచుగా ఆలస్యమగుచుండును.

కాని చేపలు పైకి లేచుటకు ముందే మొప్పమూత కబురు పంపుచున్నది. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు చేప మొదట మూతను వేగముగా ఆడించును, పిమ్మట మరింత వెడల్పుగా తెరచును. మొప్పలకు పురుగు పట్టినను, కుళ్ళు వ్యాధి సోకినను, నీటిలో అమ్మోనియా పెరిగినను మూత కదలికలో మార్పు వచ్చును. మూతను ఎత్తి చూచినచో తంతువులు పాలిపోయి, జిగురు నిండి, అక్కడక్కడ ఊడి కనబడును. వలలో చిక్కిన నాలుగు చేపల మూతలను వారమునకు ఒకమారు ఎత్తి చూచు రైతు, సాయంకాలము మేత తగ్గించి, రాత్రి గాలిచక్రములను త్రిప్పి, క్రొత్త నీరు పెట్టి పంటను దక్కించుకొనును. గట్టుమీద కూర్చుండి నీటి రంగును మాత్రమే చూచువాడు నష్టపోవును.

కొనువానికిని ఒక మాట. మొప్ప ఎరుపు ఒక్కదానినే నమ్మరాదు. 2018 జూలైలో, ఫార్మలిన్ కలిసినదను కారణముచే ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చు చేపలను అస్సాం ప్రభుత్వము 10 దినములు నిషేధించినది. కొందరు కలిపిన రసాయనమునకు రైతులందరును మూల్యము చెల్లించిరి. మూత ఎత్తినపుడు రంగుతోపాటు వాసనను, కంటి నిగనిగను, కండ బిగువును కూడ పరీక్షింపవలెను.

విద్యార్థి మిత్రులారా! ఈ పాఠమునకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. గాజు సీసాలో చెరువు నీరు పోసి, చిన్న చేపను కొద్దిసేపు ఉంచి, నిమిషమునకు దాని మూత ఎన్నిమారులు తెరచుకొనునో లెక్కింపుడు. ఉదయపు చల్లని నీటిలో ఒకమారు, నీరు ఎండకు కొంచెము వేడెక్కిన పిమ్మట మరియొకమారు లెక్కించి రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాయుడు. లెక్క ముగిసిన వెంటనే చేపను చెరువులో విడిచిపెట్టుడు. మీ నోటుపుస్తకములోని ఆ రెండంకెలు, చేపల చెరువుగల మీ బంధువులకు ఏదో ఒక తెల్లవారుజామున ఉపయోగపడవచ్చును. వైద్యుడు రోగి మణికట్టును పట్టి చూచును. చెరువునకు మణికట్టు లేదు. దాని నాడి చేప చెంపలపై కొట్టుకొనుచున్నది.